నెబ్యులా ఫిల్టర్లలో మొదట ఏది కొనాలి?

శ్రోతలకు నమస్కారం. టెలిస్కోప్ కొన్న కొత్తలో చాలామంది నన్నడిగేది ఒకటే, "అన్నా, హైదరాబాద్‌లో డాబా మీద నుంచి నెబ్యులాలు సరిగా కనపడట్లేదు, ఏ ఫిల్టర్ కొనమంటావు?" అని. నెబ్యులా అంటే చుక్కల మధ్య ఉండే వాయు మేఘం. ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను.

దీపావళి వెళ్లిన రెండో రోజు, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఉన్నాం. నా ఆరంగుళాల టెలిస్కోప్‌ను రాజహంస మండలంలోని 52 సిగ్ని అనే చుక్క మీద పెట్టాను. దాన్ని ఒరుసుకుంటూ వీల్ నెబ్యులా ఉండాలి, వేల ఏళ్ల కిందట పేలిపోయిన నక్షత్రం తాలూకు వాయువు అది. పావుగంట చూశాను. చుక్క తప్ప ఏమీ లేదు. పక్కనున్న మిత్రుడు జేబులోంచి పది రూపాయల బిళ్లంత గాజు తీసి "ఇది పెట్టి చూడు తమ్ముడూ" అన్నాడు. ఐపీస్, అంటే మనం కన్ను పెట్టి చూసే కటకం, దాని అడుగున మర తిప్పి బిగించి మళ్లీ కన్ను పెడితే, చుక్కలు మసకబారాయి, ఆకాశం నల్లబడింది, ఆ నలుపులో చుక్క మీదుగా సన్నటి వంపు, తడిగుడ్డతో పలక తుడిచాక మిగిలే సుద్దచారలాగా! ఆ పావుగంటా అది అక్కడే ఉంది.

అది ఓ-త్రీ ఫిల్టర్. నెబ్యులాలో ఆక్సిజన్ వెలిగే 496, 501 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (అంటే ఒక ప్రత్యేకమైన రంగు) ఉన్న వెలుగును పోనిచ్చి మిగతాదంతా ఆపేస్తుంది. నెబ్యులా వెలుగును పెంచదు, చుట్టుపక్కల వెలుగును తగ్గిస్తుంది. మళ్లీ చెప్తున్నా, పెంచదు, తగ్గిస్తుంది. అందుకే గెలాక్సీలకు, చుక్కల గుంపులకు పనికిరాదు, వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది.

నాకు అదంటే ప్రాణమే గానీ, మీరు మొదట యూహెచ్‌సీ, అంటే అల్ట్రా హై కాంట్రాస్ట్ అనే ఫిల్టర్ కొనండి. అది ఆక్సిజన్ వెలుగుతో పాటు 486 నానోమీటర్ల దగ్గరి హైడ్రోజన్ వెలుగును కూడా పోనిస్తుంది కాబట్టి చిన్న టెలిస్కోప్‌లో మరీ చీకటైపోదు. సిటీ లైట్ల కోసమని అమ్మే చవక ఫిల్టర్ల జోలికి వెళ్లకండి, అవి పాత సోడియం దీపాల పసుపుకు పనికొచ్చేవి, ఇప్పుడు మన వీధుల్లో ఉన్నవి తెల్లటి ఎల్‌ఈడీలు.

డిసెంబర్‌లో రాత్రి తొమ్మిదింటికి తూర్పున, మా అమ్మమ్మ గొల్లకావడి అనే మూడు చుక్కలుంటాయి. వాటి పక్కనే ఒరాయన్ నెబ్యులా. డాబా లైటు ఆపేసి, ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టకుండా కూర్చుని, 25 లేదా 32 ఎంఎం ఐపీస్‌తో ఫిల్టర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.