రాగి తీగ స్థానంలో సెల్యులార్: భవనాల అత్యవసర ఫోన్ల బాధ్యత ఇక ఎవరిది?

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చినవారిలో చాలామంది అమెరికాలో ఏదో ఒక భవనం బాగోగులు చూస్తున్నవారే. కొందరు ఆలయ కమిటీల్లో ఉన్నారు, కొందరు కాండోమినియం బోర్డుల్లో ఉన్నారు, మరికొందరికి సొంత హోటళ్లు, క్లినిక్కులు ఉన్నాయి. ఈ మధ్య మీలో కొందరికి టెలిఫోన్ కంపెనీ నుంచి ఉత్తరం అంది ఉంటుంది: ఫలానా తేదీ తరువాత మీ చిరునామాకు రాగి లైను సేవ ఉండదని. ఉత్తరం రానివారికి, ఎవరూ ఎత్తని, ఎవరూ మాట్లాడని ఏదో ఒక లైనుకు నెలకు వందల డాలర్ల బిల్లు వస్తూ ఉండవచ్చు. ఆ లైను ఎక్కడికి పోతోందని ఆరా తీస్తే, ఫైర్ అలారం ప్యానెల్‌కో, లిఫ్టులోని ఎమర్జెన్సీ ఫోనుకో పోతోందని తేలుతుంది. దాని స్థానంలో సెల్యులార్ పరికరం పెట్టుకోవచ్చు. చాలా భవనాలకు అదే సరైన దారి అని నా అభిప్రాయం. అయితే ఆ మార్పుతో పాటు, ఇన్నేళ్లు టెలిఫోన్ కంపెనీ మోసిన బాధ్యత ఒకటి చడీచప్పుడు లేకుండా భవన యజమాని మీదికి వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. 2022 ఆగస్టు నాటికి రాగి లైన్లన్నీ తీసివేయాలని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆదేశించిందని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. అది నిజం కాదు. 2019లో ఎఫ్‌సీసీ ఇచ్చిన ఉత్తర్వు, పెద్ద టెలిఫోన్ కంపెనీలు తమ అనలాగ్ లైన్లను, అంటే ఈ పాత రాగి లైన్లను, పోటీ కంపెనీలకు నియంత్రిత ధరలకు ఇవ్వాలన్న నిబంధన నుంచి వాటికి మినహాయింపు కల్పించింది. అందుకిచ్చిన మూడేళ్ల గడువు 2022 ఆగస్టు 2న ముగిసింది. అప్పటి నుంచి ధరకు అడ్డు తొలగింది. పాత తీగను బాగుచేయడం కన్నా వదిలేయడమే కంపెనీకి లాభమైంది. కాలిఫోర్నియా మినహా తన పరిధిలో అత్యధిక భాగంలో 2029 చివరికల్లా రాగి నెట్‌వర్కు నుంచి బయటపడతామని ఏటీ అండ్ టీ ప్రకటించింది. కాలిఫోర్నియాలో మాత్రం, అడిగినవారికల్లా ఫోను సేవ అందించే బాధ్యత నుంచి తప్పుకుంటామని ఆ కంపెనీ పెట్టుకున్న దరఖాస్తును రాష్ట్ర యుటిలిటీస్ కమిషన్ 2024 జూన్‌లో తిరస్కరించింది. కాబట్టి మీ గడువు ఏదన్నది మీరున్న రాష్ట్రాన్ని బట్టి, మీ ఎక్స్ఛేంజిని బట్టి ఉంటుంది. అమ్మకందారు చెప్పే తేదీకి బెదిరిపోయి సంతకం చేయకండి.

ఇక ఆ తీగ ఇన్నాళ్లూ ఏం చేసిందో చూద్దాం. మన ఊళ్లలో కరెంటు పోయి ఇల్లంతా చీకటైనా ల్యాండ్‌లైన్ మోగడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఫోనుకు కరెంటు మన ఇంటి గోడలోంచి కాక, ఎక్స్ఛేంజి నుంచి ఆ రాగి జంట తీగ మీదుగానే వచ్చేది. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీలు బారులు తీరి ఉండేవి, వాటి వెనుక డీజిల్ జనరేటర్లు ఉండేవి, వాటిని చూసుకునే మనుషులు ఉండేవారు. లిఫ్టులో చిక్కుకున్న మనిషి బటన్ నొక్కినప్పుడు ఫోను పలకడానికి కావలసిన విద్యుత్తు కొన్ని మైళ్ల అవతల మరొకరి ఖర్చుతో, మరొకరి శ్రద్ధతో సిద్ధంగా ఉండేది. బిల్లులో దానికి విడిగా పద్దు లేదు కనుక అది మనకు అందుతున్న సేవ అని కూడా మనం గుర్తించలేదు.

సెల్యులార్ పరికరం పెట్టిన రోజున ఆ విద్యుత్తును మీ భవనమే సమకూర్చుకోవాలి. ఫైర్ అలారాల కోడ్ అయిన ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం ఫైర్ అలారం వ్యవస్థకు మామూలుగా 24 గంటల బ్యాటరీ బలం ఉండాలి, ఆ 24 గంటల చివరన కూడా అయిదు నిమిషాలు అలారం మోగించగలగాలి. లిఫ్టుల కోడ్ అయిన ఏఎస్‌ఎంఈ ఏ17.1, లిఫ్టులోని ఫోను కరెంటు పోయాక కనీసం నాలుగు గంటలు పనిచేయాలంటుంది. ఒకే పెట్టెతో రెండు పనులూ చేయించుకుంటే రెండింటిలో పెద్దదైన 24 గంటల లెక్కనే పట్టుకోవాలి. పెట్టెకు బ్యాటరీ ఉండి, అది ఆధారపడిన ఇంటర్నెట్ రౌటర్‌కు లేకపోతే ఆ బ్యాటరీతో ప్రయోజనం లేదు. పైగా బ్యాటరీకి వయసు ఉంటుంది. దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎన్నేళ్లకు మారుస్తారు, అది ఒప్పందంలో ఉందా అన్నవి నెలవారీ అద్దె ఎంత అన్నదానికన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు.

మీ పెట్టె బాగున్నా అవతల టవర్ బతికి ఉండాలి కదా. 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో కాలిఫోర్నియాలో విద్యుత్తు ఆపివేసినప్పుడు మారిన్ కౌంటీలో సగానికి పైగా సెల్ సైట్లు మూగబోయాయి. ఆ అనుభవంతోనే, కార్చిచ్చు ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సెల్ నెట్‌వర్కుకు 72 గంటల ప్రత్యామ్నాయ విద్యుత్తు ఉండాలని అక్కడి యుటిలిటీస్ కమిషన్ 2020లో నిబంధన పెట్టింది. అది కాలిఫోర్నియా నిబంధన మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

రాగిని తొందరపడి సెల్యులార్‌తో మార్చితే ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫైర్ ఐలండ్ చూపించింది. 2012 అక్టోబరు చివర శాండీ తుపానుకు ఆ దీవి పశ్చిమ భాగంలో టెలిఫోన్ తీగలు పాడైపోయాయి. వెరైజన్ వాటిని మళ్లీ వేయకుండా, సెల్యులార్ మీద డయల్ టోన్ ఇచ్చే వాయిస్ లింక్ అనే పెట్టెను తెచ్చింది. మాట్లాడుకోవడానికి అది పనికివచ్చింది. అలారాలకు, వైద్య హెచ్చరిక పరికరాలకు, ఫ్యాక్సులకు పనికిరాలేదు. నివాసులు గట్టిగా ఎదురుతిరిగారు. 2013లో ఆ కంపెనీ మనసు మార్చుకుని ఫైబర్ వేయడానికి ఒప్పుకుంది. రాగి గొప్పదని నిరూపించడానికి నేను ఈ సంగతి చెప్పడం లేదు. అదే తుపానులో దిగువ మాన్‌హాటన్‌లో నేలమాళిగల్లోకి ఉప్పునీరు చేరి రాగి కేబుళ్లు పెద్దయెత్తున నాశనమయ్యాయి. ఫైర్ ఐలండ్ నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది: డయల్ టోన్ వినిపించినంత మాత్రాన అలారం సందేశం చేరుతుందని అనుకోకూడదు.

దానికి కారణం ఉంది. పాత ఫైర్ ప్యానెల్ మనిషిలాగే నంబరు తిప్పి, మాటకు బదులు చిన్న చిన్న స్వరాలతో సందేశం పంపుతుంది. ఆ స్వరాల వ్యవధి సెకనులో వందో వంతుల లెక్కన ఉంటుంది. సెల్ నెట్‌వర్కు మనిషి గొంతుకు అనువుగా ధ్వనిని కుదించి, ముక్కలుగా చేసి పంపుతుంది. మన చెవికి తెలియని ఆ చిన్న లోపం ప్యానెల్ పంపే అంకెను చెరిపేయగలదు. అందువల్ల ఫైర్ అలారానికి డయల్ టోన్‌ను అనుకరించే పెట్టె కన్నా, ప్యానెల్ నుంచి సందేశాన్ని నేరుగా తీసుకుని డేటా రూపంలో మానిటరింగ్ స్టేషన్‌కు, అంటే అలారాలను గమనిస్తూ ఉండే కేంద్రానికి, పంపే ప్రత్యేక కమ్యూనికేటర్‌నే ఎంచుకోమని నా సలహా. అది ఆ పనికి, ఫైర్ అలారం పరికరాలకు వర్తించే యూఎల్ 864 ప్రమాణం కింద గుర్తింపు పొందినదై ఉండాలి. లిఫ్టు ఫోనుకు, గేటు ఫోనుకు డయల్ టోన్ పెట్టె సరిపోవచ్చు.

ఇక్కడ సెల్యులార్‌కు దక్కవలసిన మెప్పు దక్కాలి. 2013 సంచిక నాటికి కూడా ఎన్‌ఎఫ్‌పీఏ 72 ఫోను లైను మీద నంబరు తిప్పే పాత డయలర్ల నుంచి ఆరు గంటలకు ఒకసారి పరీక్షా సంకేతం వస్తే చాలన్నది. అంతకుముందు రోజుకు ఒకసారే. అదే సంచిక, ఒకే మార్గం మీద నడిచే కొత్త తరహా కమ్యూనికేటర్‌లో ఆ మార్గం తెగితే గంటలోపు తెలియాలన్నది. అంటే సరిగ్గా పెట్టిన సెల్యులార్ వ్యవస్థ తన మరణాన్ని తానే త్వరగా చెప్పగలదు. అయితే ఆ కబురు ఎవరికి చేరుతుందో చూసుకోవాలి. మానిటరింగ్ స్టేషన్ జాబితాలో మూడేళ్ల కిందట పదవి వదిలిన కమిటీ సభ్యుడి నంబరే ఉంటే, లోపం బయటపడీ ఫలితం ఉండదు.

సెల్ తరాలు మారతాయన్నది మరో విషయం. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు వరసగా మూతపడ్డాయి. ఏటీ అండ్ టీ ఫిబ్రవరి 22న, వెరైజన్ ఏడాది చివరన. 3జీ మీద ఆధారపడిన అలారం పరికరాలను మార్చుకోవడానికి దేశమంతటా పరుగులు పెట్టవలసి వచ్చింది. రాగి తీగ దశాబ్దాల పాటు ఒకేలా ఉండిపోయింది. సెల్యులార్ పరికరాన్ని మాత్రం పదేళ్లకో, ఇంకా ముందో మార్చవలసి వస్తుందని బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకోండి.

ఒకే కంపెనీ సిమ్ మీద ఆధారపడడం కూడా నాకు నచ్చదు. 2024 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ నెట్‌వర్కులో జరిగిన ఒక కాన్ఫిగరేషన్ పొరపాటు వల్ల దేశవ్యాప్తంగా కనీసం 12 గంటలు సేవ దెబ్బతింది. 9.2 కోట్లకు పైగా వాయిస్ కాల్స్, అందులో అత్యవసర నంబరు 911కు చేసిన 25,000కు పైగా కాల్స్ ఆగిపోయాయని ఎఫ్‌సీసీ విచారణలో తేలింది. తుపాను లేదు, మంటలు లేవు, మామూలు గురువారం. వేర్వేరు కంపెనీల రెండు సిమ్‌లు ఉన్న పరికరం, లేదా సెల్యులార్‌తో పాటు భవనంలోని ఫైబర్ ఇంటర్నెట్‌ను రెండో మార్గంగా వాడే పరికరం, నెలకు కొన్ని డాలర్లు ఎక్కువైనా తీసుకోదగినది.

సిగ్నల్ సంగతి చాలామంది తేలికగా తీసుకుంటారు. పాత టెలిఫోన్ తీగలన్నీ నేలమాళిగలోని ఒక గదికి చేరతాయి కనుక కొత్త పెట్టెను కూడా అక్కడే బిగిస్తారు. చుట్టూ కాంక్రీటు, ఇనుము. లాబీలో నిలబడి మీ ఫోన్‌లో గీతలు చూసి సిగ్నల్ బాగుందనుకోవడం కాదు. పెట్టె ఉండే చోట, తలుపు మూసి, కొలిపించాలి. అవసరమైతే యాంటెన్నాను పై అంతస్తుకు తీసుకువెళ్లాలి. లిఫ్టు విషయంలో పెట్టె క్యాబిన్‌లో ఉండదు, మెషిన్ గదిలోనో టెలిఫోన్ గదిలోనో ఉంటుంది. అక్కడి నుంచి క్యాబిన్‌కు ఉన్న పాత తీగలే మాటను మోస్తాయి.

చిరునామా గురించి కూడా చెప్పాలి. రాగి లైను నంబరు ఒక భవనానికి కట్టుబడి ఉండేది, అవతలివారికి చిరునామా వెంటనే కనిపించేది. కొత్త నంబరు అమ్మకందారు ఆఫీసు పేరిట నమోదై ఉంటే సహాయం తప్పు చోటికి వెళుతుంది. లిఫ్టులో ఉన్నది గుండెనొప్పితో మాట్లాడలేని పెద్దావిడ కావచ్చు, ఇంగ్లీషు రాని మన అమ్మానాన్నలు కావచ్చు. వారు నోరు తెరవకపోయినా ఏ వీధిలో, ఏ భవనంలో, ఏ లిఫ్టులో ఉన్నారో అవతలివారికి తెలియాలి. మీ భవనంలో ఈ ఒక్క పరీక్ష ఈ వారమే చేయండి: లిఫ్టులో బటన్ నొక్కి, మాట్లాడకుండా ఉండి, వారికి ఏ చిరునామా కనిపిస్తోందో తరువాత కనుక్కోండి.

మార్పిడి రోజున పాత లైనును కోయకండి. ముందు మీ ఊరి అగ్నిభద్రతా అధికారి అయిన ఫైర్ మార్షల్ అనుమతి తీసుకోండి. ఏ సంచిక కోడ్ అమలులో ఉందో, ఒక మార్గం చాలునో రెండు కావాలో తేల్చేది ఆ కార్యాలయమే. పరికరం బిగించాక దాని మెయిన్ కరెంటు ఆపి, బ్యాటరీ మీద నిర్ణీత గంటలు నడిపించి, ఆ వ్యవధి చివరన అలారం పంపించి, అది చేరినట్టు మానిటరింగ్ స్టేషన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తరువాతే టెలిఫోన్ కంపెనీకి రద్దు ఉత్తరం రాయండి, అందులో రద్దు చేయవలసిన నంబర్లను ఒక్కొక్కటిగా పేర్కొనండి. పాత బిల్లులో ఏ నంబరు దేనికి పోతోందో తెలియకపోతే, తీగను పట్టుకుని వెతికించాకే దాని జోలికి వెళ్లండి. ఈత కొలను పక్కన ఉన్న అత్యవసర ఫోను, పై అంతస్తుల్లో మెట్ల దగ్గర చక్రాల కుర్చీ వారి కోసం పెట్టిన సహాయ ఫోను తరచు ఇలాంటి పేరులేని నంబర్ల మీదే నడుస్తుంటాయి.

మీలో టెలిఫోన్ బిల్లులు వెంట తెచ్చుకున్నవారు ముందుకు రండి, వాటిని చూస్తూ ప్రశ్నలు తీసుకుంటాను.