చదువుకున్నాక పొలం పనికి ఎందుకు రావట్లేదు?

హాయ్ అండి. "నాలుగక్షరాలు వచ్చాయంటే ఇక మట్టి ముట్టుకోరు ఈ పిల్లలు" అని పెద్దవాళ్ళు అనటం మీరూ వినే ఉంటారు. కూలీలు దొరకట్లేదన్నది నిజమే, కానీ దానికి పిల్లల బద్ధకం కారణం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

(స్క్రీన్ మీద: 13.8 కోట్లు)

అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ), యూనిసెఫ్ లెక్కల్లో 2024లో ప్రపంచం మొత్తం మీద బాల కార్మికులు దాదాపు 13.8 కోట్ల మంది, అందులో 61 శాతం వ్యవసాయంలోనే. బాల కార్మికుడు అనగానే మనకి ఫ్యాక్టరీనో హోటలో గుర్తొస్తుంది గానీ ఎక్కువమంది ఉన్నది చేలల్లో, అందులోనూ చాలామంది సొంత ఇంటి పొలం పనిలో, పైసా కూలి లేకుండా. అందుకే బడికి ఫీజు లేకపోయినా అది ఫ్రీ కాదు, పిల్లాడు క్లాసులో కూర్చున్నంతసేపు ఇంటికి రెండు చేతులు తక్కువ, కోతల టైమ్‌లో అయితే ఆ లోటు బాగా తెలుస్తుంది.

అసలు చిక్కు ఐదో క్లాసు దాటాక మొదలవుతుంది. చిన్న బడి ఊళ్ళోనే ఉంటుంది, హైస్కూల్ దూరం, పైగా సరిగ్గా ఆ పన్నెండు పదమూడేళ్ళకే పిల్లలు బరువు పనికి అందొస్తారు. మెక్సికో వాళ్ళు ఇది బాగా పట్టుకున్నారు. 1968లోనే టీవీ పాఠాలతో పల్లెల్లో సెకండరీ స్కూళ్ళు మొదలుపెట్టారు, 1997లో ప్రోగ్రెసా అని స్కీమ్ తెచ్చి పిల్లలు రోజూ బడికెళ్తే తల్లి చేతికే డబ్బులిచ్చారు. క్లాసు పెరిగేకొద్దీ డబ్బులు పెంచారు, పెద్ద క్లాసుల్లో ఆడపిల్లలకైతే ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే ముందు బడి మాన్పించేది వాళ్ళనే కదా. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

మరి చదువయ్యాక? ఇండోనేషియా 1973 నుంచి ఓ ఐదారేళ్ళలో 61 వేలకి పైగా ప్రైమరీ స్కూళ్ళు కట్టింది, ఆ పిల్లలు పెద్దయ్యాక జీతాలు కూడా పెరిగాయని ఎస్తేర్ డుఫ్లో అనే ఎకనమిస్ట్ లెక్క తేల్చారు. మెక్సికో పల్లెల్లో అయితే స్కూల్ అందుబాటులోకి వచ్చినకొద్దీ పొలం పనికి వెళ్ళేవాళ్ళు తగ్గారు. అమెరికా పొలాల్లో పనిచేసే కూలీల్లో సగం మందికి పైగా మెక్సికోలో పుట్టినవాళ్ళే, అంటే ఒక దేశం పల్లెలో బడి తెరిస్తే ఇంకో దేశం తోటలో కోతకి మనుషులు తగ్గుతారన్నమాట.

(స్క్రీన్ మీద: ఉండిపోయినవాళ్ళ సంగతి?)

చదువుకుని కూడా వ్యవసాయంలో ఉన్నవాళ్ళకి ఆ చదువు వేస్ట్ అవుతుందా అంటే, థియోడర్ షుల్జ్ అనే ఎకనమిస్ట్, 1979 నోబెల్ ఆయనకొచ్చింది, ఓ మంచి మాట చెప్పారు: తాతలనాటి పద్ధతే నడుస్తుంటే చదువుతో పెద్ద తేడా ఉండదు, కొత్త విత్తనం, కొత్త మెషీన్ వచ్చినప్పుడే దాని విలువ తెలుస్తుంది అని. హరిత విప్లవం టైమ్‌లో మన దగ్గర కొత్త వంగడాలు బాగా కుదిరిన చోట చదువుకున్న రైతులకి లాభం ఎక్కువ వచ్చింది కూడా.

కూలీలు తగ్గితే కూలి రేటు పెరుగుతుంది, పెద్ద రైతు మెషీన్ కొనుక్కుంటాడు, రెండెకరాల రైతు మాత్రం అటు కూలి ఇవ్వలేక ఇటు మెషీన్ కొనలేక నలిగిపోతాడు. ఆ బాధ నిజం, నేను కాదనను. కానీ ఆయనకి కావాల్సింది అద్దెకి దొరికే మెషీన్, పంటకి సరైన రేటు, అంతేగానీ పక్కింటి పదమూడేళ్ళ పిల్ల బడి మానేసి కలుపు తీయటానికి రావటం కాదు.