ఎపిసోడ్ 31: పది నిమిషాల్లో టేకాఫ్‌కి రెడీ (అని మొదలుపెట్టాం)

బావమరిది: నమస్కారం, హిమాచల్‌లో పారాగ్లైడింగ్ చేసే ఊరు బీర్ నుంచి. వెనకాల వినిపిస్తున్నది మైకు గోల కాదు, రేకుల మీద వాన. నిన్న మధ్యాహ్నం మొదలైంది, ఇంకా ఆగలేదు. టేకాఫ్ చేసే కొండ బిల్లింగ్‌కి జీపులు కదలట్లేదు. అందుకని ఎపిసోడ్.

బావ: మైకు నీ వైపే తిప్పుకున్నావేంట్రా?

బావమరిది: పోయినసారి నీ వైపు తిప్పితే ఏమైందో అందరూ విన్నారు.

బావ: అది కుక్కరు.

బావమరిది: కుక్కరు కాదని మనవాళ్ళందరికీ తెలుసు బావా. సరే, విషయానికొద్దాం. టేకాఫ్ దగ్గర పది నిమిషాల్లో రెడీ అవ్వడం ఎలా? చాలామంది అడిగారు. పొద్దున పదకొండింటికి బిల్లింగ్‌లో చూడండి. ఒకపక్క ఇద్దరేసి ఎగిరే టాండెమ్‌లు, ఒకపక్క ఒంటరిగా ఎగిరే సోలోలు, మధ్యలో సెల్ఫీలు. ఎవడో ఒకడు సరిగ్గా మధ్యలో వింగు, అదే మనల్ని ఎగరేసే గుడ్డ రెక్క, పరిచి చిక్కు తీసుకుంటూ కూర్చుంటాడు. వెనకాల ఇరవై మంది గొణుగుతుంటారు. ఆ ఒకడు మనం కాకూడదు.

బావ: ముందురోజు సరిగ్గా మడత పెట్టుకుంటే కావు.

బావమరిది: మొదలైంది.

బావ: ఏం మొదలైంది? ఉన్నమాటే కదా. దిగాక అలసటగా ఉందని గుడ్డంతా కుక్కి సంచిలో తోస్తావు. మర్నాడు పైన తీస్తే ఏ లైను, అదే వింగుకున్న తాడు, ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

బావమరిది: కుక్కడం కాదది. నా మొదటి ఇన్‌స్ట్రక్టర్ అలాగే నేర్పాడు. ఒకే చోట మడత పడకూడదు, వదులుగా సర్దుకోవాలి అన్నాడు. మడత పడ్డ చోటే గుడ్డ మీది పూత పోతుందట. పూత పోతే గాలి లోపల నిలవదు.

బావ: అది నిజమే. కాదనట్లేదు. చీరాల్లో మా కొట్లో మా అమ్మ మూణ్ణెల్లకోసారి పట్టుచీరలన్నీ దించి మడత మార్చి పెట్టేది. ఒకే మడతలో ఏడాది ఉంటే ఆ గీత దగ్గరే జరీ విరుగుతుంది.

బావమరిది: చీర వచ్చేసింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నోట్ చేసుకోండి.

బావ: విను. అమ్మ మడత *మార్చేది*, మానేది కాదు. నువ్వు మడతే మానేశావు. అసలు ఇప్పటి వింగుల్లో ముక్కు దగ్గర ప్లాస్టిక్ పుల్లలుంటాయి కదా, ఆ లీడింగ్ ఎడ్జ్‌లో. వాటిని ఎలాపడితే అలా తోస్తే వంగిపోతాయి. వంగినవి మళ్ళీ పూర్తిగా తిన్నగా అవ్వవు. తర్వాత వింగు లేపేటప్పుడు ఒకపక్క ముందు లేస్తుంది, రెండోది బద్ధకిస్తుంది. అప్పుడు గాలిని తిడతావు.

బావమరిది: నా వింగు పాతది, దాంట్లో అన్ని పుల్లలు లేవు.

బావ: మొన్న ఎడమకి ఎందుకు లాగింది మరి?

బావమరిది: అది గాలి.

బావ: చూశావా?

(ఇద్దరూ నవ్వు)

బావ: చెప్తాను, రాసుకోండి, వినండి, మీ ఇష్టం. దిగగానే రెండు రైజర్లూ, అంటే లైన్లన్నీ వచ్చి చేరే పట్టీలు, ఒకదానికొకటి తగిలించెయ్యాలి. అవి విడిపోయి ఒకదాంట్లోంచి ఇంకోటి దూరితేనే మర్నాడు మెలికలు. వింగుని తిప్పడానికి, ఆపడానికి లాగే బ్రేకు హ్యాండిళ్ళు వాటి చోట పెట్టెయ్యాలి. తర్వాత వింగుని కుచ్చిళ్ళు పెట్టాలి. చీర కట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు. లీడింగ్ ఎడ్జ్‌లో ఒక్కో గాలి నోరు పట్టుకుని, పుల్ల మీద పుల్ల వచ్చేలా, ఒక్కో కుచ్చు వేసుకుంటూ పోవడమే. ఇంగ్లీషోళ్ళు దానికి కన్సర్టీనా అని పేరు పెట్టారు. కుచ్చిళ్ళే అది.

బావమరిది: ఒప్పుకుంటాను, ఆ పోలిక బావుంది.

బావ: పోలిక కాదురా, పనే అది. 2015 అక్టోబరులో ఇక్కడ పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీలు జరిగినప్పుడు నేను చూడ్డానికి వచ్చాను. అప్పటికి నాకు ఎగరడం రాదు. అందరూ ఆకాశం చూస్తుంటే నేను దిగినవాళ్ళు వింగు సర్దుకోవడం చూస్తూ కూర్చున్నాను. పొడుగ్గా దిండు గలీబులాంటి సంచి పరిచి, దాని మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒకాయన ముక్కు భాగం ఒక్కొక్కటే వేళ్ళతో సర్దుతున్నాడు. మా అమ్మ వేళ్ళు అలాగే కదిలేవి. చివర అంచు నుంచి ముక్కు వైపుకి అరచేత్తో గాలి తోసేసి, జిప్పు లాగి, మూడు మడతలు. ముక్కు దగ్గర మాత్రం మడత పడనివ్వలేదు.

బావమరిది: అక్కడే నువ్వు ఈ ఆటకి పడిపోయావు అన్నమాట. ఎగరడానికి కాదు, మడతలకి.

బావ: అనుకో.

బావమరిది: అయినా బావా, అదంతా చెయ్యడానికి ఇరవై నిమిషాలు. కింద మనం ల్యాండయ్యే క్యోర్‌లో దిగాక ఎండలో అంతసేపు పరిచి ఉంచితే? ఎండకి గుడ్డ పాడవ్వదా?

బావ: పాడవుతుంది. నీడలోకి మోసుకెళ్ళి సర్దు. బరువనిపిస్తే పచ్చడి సీసాలు మొయ్యడం మానెయ్.

బావమరిది: ఆ సీసా ఊసెత్తకు.

బావ: ఎత్తను. ఇంకోటి, మడతపెట్టేముందు మిడతలు ఉన్నాయేమో చూడు. గడ్డిలో దిగితే రెండు మూడైనా ఎక్కుతాయి. లోపల నలిగి చస్తే మరక పోదు. పట్టుచీరలో చిమ్మెట...

బావమరిది: మూడోసారి చీర.

బావ: పట్టుచీర లెక్కలోకి రాదు.

బావమరిది: సరే, టేకాఫ్. మనం అసలు టేకాఫ్ గురించి మాట్లాడాలి. త్వరగా చెప్పేస్తాను. పైకి వెళ్ళగానే మధ్యలోకి పోవద్దు. పక్కన గడ్డిలో హార్నెస్, అదే మనం కూర్చునే పట్టీల సీటు, వేసుకుని, రిజర్వ్ పారాచూట్ పిన్ను చూసుకుని, రైజర్లు తగిలించుకుని, లైన్లు అక్కడే విడదీసుకోవాలి. తర్వాత వింగుని బట్టల మూటలా చేతుల్లోకి తీసుకుని వంతు వచ్చినప్పుడు వెళ్ళి పరచాలి. వింగు వీపు నేలకి, నోళ్ళు పైకి, చివరంచు మనవైపు. కొంచెం గుర్రపు నాడాలా వంపు పెడితే మధ్య భాగం ముందు నిండుతుంది. 'A' లైన్లు, అంటే ముక్కు దగ్గరి తాళ్ళు, అన్నిటికన్నా పైన కనపడాలి. పుల్ల ముక్కలు, ముళ్ళు ఏరెయ్యాలి. అయిపోయింది. రెండు నిమిషాల పని.

బావ: హెల్మెట్?

బావమరిది: హెల్మెట్ అన్నిటికన్నా ముందు. తగిలించుకునే ముందే.

బావ: కాళ్ళ పట్టీలు?

బావమరిది: అవీ ముందే. అది ఎవరికి తెలియదు బావా?

(కాసేపు వాన చప్పుడు)

బావ: నాకు తెలుసు. అయినా మర్చిపోయాను ఒకసారి.

బావమరిది: ఎప్పుడు?

బావ: మహారాష్ట్రలో, కామ్‌షెట్‌లో. మూడేళ్ళయింది. టవర్ హిల్ మీద. ఛాతీ పట్టీ పెట్టాను, కాళ్ళవి పెట్టలేదు. పాత హార్నెస్ అది. ఇప్పుడొచ్చే చాలావాటిలో కాళ్ళవి, ఛాతీది కలిసి ఉంటాయి, ఒకటి మర్చిపోతే రెండోది పడదు. దాంట్లో ఆ సదుపాయం లేదు. వింగు లేచింది. రెండడుగులు వేశాను. పక్కనున్న ఒకాయన గట్టిగా అరిచాడు, "భాయ్, నీచే దేఖో" అని. కిందికి చూస్తే రెండు బకిల్సూ తొడల పక్కన ఊగుతున్నాయి.

బావమరిది: ఆపగలిగావా?

బావ: బ్రేకులు పూర్తిగా లాగి కూర్చుండిపోయాను. వింగు నా వెనకే పడింది. ఆయన అరవకపోతే చంకల మీద వేలాడుతూ పోయేవాణ్ణి. కూర్చోడానికి ఉండదు. ఎంతసేపు వేలాడతాం చెప్పు?

బావమరిది: నాకెప్పుడూ చెప్పలేదు.

బావ: ఎలా చెప్పను? కుడికాలి పట్టీ చేతిలో పట్టుకుని ఉన్నాను. అప్పుడు పిలిచావు నువ్వు. రేడియో ఏ ఛానల్ అని అడిగావు. పట్టీ వదిలేసి చెప్పాను. మళ్ళీ చూసుకోలేదు. ఛాతీది పెట్టేసి, అయిపోయిందనుకున్నాను.

బావమరిది: ...నేనా?

బావ: నీ తప్పని కాదురా.

బావమరిది: నాకు గుర్తే లేదు. నేను అడిగినట్టే గుర్తు లేదు.

బావ: ఎందుకుంటుంది? ఒక్క మాట.

(మౌనం)

బావమరిది: అందుకేనా పట్టీ చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే నువ్వు జవాబు చెప్పవు? నేను కోపమనుకున్నాను. మొన్న ఆ ఢిల్లీ కుర్రాడు కూడా అనుకున్నాడు.

బావ: జవాబు చెప్పాల్సొస్తే పట్టీలన్నీ విప్పేసి మళ్ళీ మొదట్నుంచి పెడతాను. అందుకే నాకు పది నిమిషాలు కాదు, పదిహేను పడుతుంది. గొణుక్కుంటే గొణుక్కోనీ.

బావమరిది: అక్కకి తెలుసా?

బావ: ఈ ముక్క ఎడిట్‌లో తీసెయ్.

బావమరిది: తియ్యను.

బావ: ఒరేయ్. అది ప్రతీ ఎపిసోడూ వింటుంది.

బావమరిది: విననీ. నాకు చెప్పకుండా మూడేళ్ళు దాచావు.

బావ: కుక్కరు సంగతి నేను చెప్పనా మరి?

బావమరిది: బావా.

బావ: తీసేస్తావా?

బావమరిది: ఆలోచిస్తాను. నీ కొత్త హార్నెస్‌లో ఆ సదుపాయం ఉంది కదా?

బావ: ఉంది. అయినా చేత్తో తడిమి చూసుకుంటాను. కుడి, ఎడమ, ఛాతీ. హెల్మెట్. రైజర్లు తగిలించే రెండు కొక్కేలు, కారబైనర్లు. తర్వాతే లైన్లు, గాలి, పైన ఎవరైనా ఉన్నారా లేదా... ఆగు. వాన ఆగిందా?

బావమరిది: ఆగింది. ఎండ కూడా వస్తున్నట్టుంది.

బావ: నీ వింగు నిన్న తడిసిందన్నావు. అలాగే సంచిలో ఉందా?

బావమరిది: మడతపెట్టలేదు కదా, పర్వాలేదనుకున్నా...

బావ: రాత్రంతా తడి గుడ్డ సంచిలోనా? బూజు పట్టి చస్తుంది. లే. ఎండలో కాదు, వరండాలో ఆరేద్దాం. ఆ కొస పట్టుకో.

బావమరిది: మైకు ఆన్‌లో ఉంది.

బావ: ఉండనీ. నీ వేళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకుని పట్టుకో. అరె, ఈ మిడతేంట్రా...