వేలిముద్ర వేసేవాళ్ల ఓటు

శ్రోతలందరికీ నమస్కారం. "చదువూ సంధ్యా లేనివాళ్లకు, ఏమీ తెలియనివాళ్లకు ఓటెందుకండీ?" అనే మాట బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, మొన్న మా బంధువుల పెళ్లిలో కూడా విన్నాను. విన్నప్పుడల్లా నాకు నల్లగొండే గుర్తొస్తుంది.

1996 లోక్‌సభ ఎన్నికలు. నల్లగొండలో బరిలో ఉన్నది 480 మంది. మళ్లీ చెబుతున్నా, ఒక్క సీటుకు నాలుగు వందల ఎనభై మంది! వీళ్లలో చాలామంది గెలుద్దామని నిలబడలేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్, పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార, నడివయసుకే వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు. ఎంత మొత్తుకున్నా పట్టించుకునేవాళ్లు లేక, జల సాధన సమితి పిలుపు అందుకుని నామినేషన్లు వేసేశారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది, నల్లగొండ నీళ్ల గోడు దేశమంతా విన్నది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి ఏకంగా 10 వేల రూపాయలకు పెంచారు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క ఆ ఊళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, తమ బిందెలో నీళ్లు తమ బిడ్డల ఎముకలను ఏం చేస్తున్నాయో మాత్రం వాళ్లకు తెలుసు. వాళ్లను ఏమీ తెలియనివాళ్లంటే నేను ఒప్పుకోను.

అలాగని ఎవరో చెప్పిన గుర్తు మీద నొక్కేసి వచ్చేయమనీ అనను. సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని ఇరవై ఏళ్లకు పైగా ప్రతి అభ్యర్థీ తన మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాల్సిందే. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఫోన్‌లో ఆ సంఘం యాప్‌లోనూ ఉంటుంది. ఇంట్లో చదవడం వచ్చినవాళ్లు చదవడం రానివాళ్లకు ఒక్కసారి పైకి చదివి వినిపించండి, పావుగంట పని.

పోయిన ఎన్నికల ముందు మా పక్కింటి పెద్దమ్మకు ఓ అభ్యర్థి అఫిడవిట్ అలాగే చదివి వినిపించాను. ఆవిడ వేలిముద్రే వేస్తుంది. పొలాలు, బంగారం, కార్లు అన్నీ ఓపిగ్గా విని, "మన వీధి బోరు సంగతి ఇందులో ఏం రాశాడు?" అంది. అది ఇందులో రాయరు పెద్దమ్మా అన్నాను. "అయితే ఓట్లడగడానికి వస్తాడుగా, నేనే అడుగుతా" అంది. మర్నాడు సాయంత్రం ఆయన మా వీధికి వచ్చినప్పుడు అందరికంటే ముందు నిలబడి అడిగింది కూడా.