చెట్టున్న చోటే బండి: మాగుంట లేఅవుట్‌లో ఒక ఉదయం

నేను: నమస్కారం. ఈ వారం ఎపిసోడ్‌లో గదిలో కూర్చుని మాట్లాడటం లేదు. ఫోను చేతిలో పట్టుకుని నెల్లూరు మాగుంట లేఅవుట్ వీధుల్లో నడుస్తున్నాను. మధ్యలో కాకులు, పాలబండి హారను వినిపిస్తే సర్దుకుపోండి. పక్కన మా బాబాయి ఉన్నారు. పెళ్లయిన కొత్తలో ఇక్కడికి వచ్చి, బ్యాంకులో రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు ఈయనకు ఒకటే పని, పొద్దున్నే ఎక్కడ ఏమి బాగుందో కనిపెట్టడం.

బాబాయి: పని కాదమ్మా, షుగరు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నాడు డాక్టరు. నోరు కట్టుకోమని కూడా అన్నాడనుకో. నేను సగం మాటే విన్నాను.

నేను: పిన్ని కూడా ఈ ఎపిసోడ్ వింటుంది బాబాయ్.

బాబాయి: అయితే ఈ రోజు నడకే నడక. పద.

నేను: మన పేటకు కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఏమి చూపిస్తారు?

బాబాయి: చెట్లు. నవ్వకు. ఇక్కడ దుకాణాల బోర్డులు ఏడాదికొకసారి మారతాయి. నిన్న జిరాక్స్ షాపు, ఇవాళ మొబైల్ షాపు, రేపు టిఫిన్ సెంటరు. కానీ బండివాళ్లు ఎక్కడ నిలబడతారన్నది మాత్రం మారదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండకు ఈ ఊళ్లో నీడ లేని చోట మనిషి నిలబడలేడు. కొన్ని రోజులు 44 డిగ్రీలు. అందుకని కానుగ చెట్టు ఉన్న చోట దోసెల బండి, వేపచెట్టు ఉన్న చోట ఇస్త్రీ బండి, బాదం చెట్టు కింద కొబ్బరి బోండాలు. చెట్టు చూసి అంగడి చెప్పేయవచ్చు.

నేను: ఊరి పేరులోనే చెట్టు ఉందంటారు కదా.

బాబాయి: ఉసిరి. నెల్లి అంటే ఉసిరే. మూలాపేట మూలస్థానేశ్వర స్వామి ఉసిరిచెట్టు కింద వెలిశాడని కథ. మనవాళ్లు చెట్టు కింద దేవుణ్ణి వెతుక్కున్నారు, నేను దోసె వెతుక్కుంటున్నాను. ఇదిగో, వచ్చేశాం.

నేను: వింటున్నవాళ్ల కోసం చెబుతాను. పెద్ద కానుగ చెట్టు, దాని కింద నాలుగు చక్రాల బండి, రెండు పెనాలు. ఒక అక్క దోసెలు వేస్తోంది, వాళ్లాయన పొట్లాలు కడుతున్నాడు. పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఒక్క తుడుపు తుడిచింది. ఆ చప్పుడు విన్నారా? పిండి గుండ్రంగా తిప్పి, కాలుతుండగానే గరిటె నిండా ఎర్రకారం పూస్తోంది.

బాబాయి: ఆ కారంలోనే ఉంది అంతా. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి రుబ్బుతారు. దాని మీద పప్పుల పొడి చల్లాలి. కొందరు పొడి పిసినారితనంగా చల్లుతారు. ఈమె రెండు వేళ్లతో కాదు, పిడికిలితో చల్లుతుంది. చివర్న నెయ్యి. అంచులు ఎర్రగా, మధ్యలో మెత్తగా ఉండాలి. మొత్తం కరకరలాడితే అది అప్పడం, దోసె కాదు.

నేను: కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి బాబాయ్.

బాబాయి: తిరగాలి. పక్క పళ్లెంలో పులిబొంగరాలు ఉన్నాయి, వాటిని కొబ్బరి పచ్చడితో తిను, చల్లబడతావు. పులిసిన దోసెపిండి పారేయలేని ఇల్లాళ్లు కనిపెట్టిన వంట అని నా నమ్మకం. కొన్ని ఇళ్లలో గుంటల పెనం మీద చేస్తారు. బండి మీదైతే బాణలే.

నేను: కాఫీ?

బాబాయి: రెండు వీధుల అవతల. ఫిల్టరు కాఫీ. చెన్నై ఇక్కడికి 175 కిలోమీటర్లు, మన నాలుక మీది రుచులు కొన్ని అక్కడి నుంచి రైలెక్కి వచ్చినవే. సాంబారులో ఇడ్లీ మునిగిపోవాలని పట్టుబట్టేది కూడా అందుకే. కూర్చుని తీరిగ్గా భోజనం చేయాలంటే మాత్రం ట్రంకు రోడ్డులో కోమల విలాస్‌కు వెళ్తాను. పేటలో కొత్తగా వచ్చిన ఏసీ రెస్టారెంట్లు నాకు పడవు. వెలుతురు తక్కువ, బిల్లు ఎక్కువ.

నేను: కిరాణా కొట్టు దాటుతున్నాం. ఇక్కడ బాబాయికి ఒక పాత తగాదా ఉంది.

బాబాయి: తగాదా కాదు, బాధ. మొలగొలుకుల బియ్యం ఉన్నాయా అని అడిగితే కొట్లో అబ్బాయి నా ముఖం చూశాడు. నెల్లూరు పేరు చెబితే ఒకప్పుడు ఆ సన్నబియ్యమే గుర్తొచ్చేవి. ఆ అబ్బాయి ఫోనులో వెతికి, అది ఊరి పేరా అని అడిగాడు! సరేలే, కందిపప్పు మాత్రం మంచిది అమ్ముతాడు.

నేను: చేపలు ఇంటి ముందుకే వస్తాయి కదా?

బాబాయి: మోపెడ్ మీద. ఐసు డబ్బా, తక్కెడ, వెనకాల రెండు పిల్లులు. బొమ్మిడాయిలు వచ్చిన రోజు మీ పిన్ని గేటు దగ్గరే నిలబడుతుంది. మామిడికాయ ముక్కలు వేసి రాత్రి పులుసు పెడుతుంది, కానీ రాత్రి ముట్టుకోనివ్వదు. తెల్లారాక, ముక్కకు పులుసు పట్టాక తినాలి. మూత తీసి వాసన చూడటానికి మాత్రం అనుమతి ఉంది.

నేను: పార్కు, మందుల షాపులు, ఆస్పత్రులు?

బాబాయి: అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే. మినీ బైపాస్ ఎక్కితే ఇంకేమీ కావాలనిపించదు. లోటు ఒకటే, అండర్‌బ్రిడ్జి. ఈ ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. గట్టిగా రెండు గంటలు కురిస్తే బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. పోయిన వానల్లో స్కూటరు తోసుకుంటూ వచ్చాను, ప్యాంటు జేబులోకి నీళ్లు. అప్పుడు తెలుస్తుంది మన వీధి చివరి కొట్టు విలువ.

నేను: రొట్టెల పండుగ రోజుల్లో కూడా రద్దీకి ఊళ్లో తిరగడం కష్టమే కదా.

బాబాయి: అది వేరే సందడి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం. స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు పంచుతారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. మనది తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు నేను ఇల్లు రొట్టె అందుకున్నాను. స్థలం కొన్న తర్వాతి ఏడాది మీ పిన్నీ నేనూ చెరువులో నిలబడి ఇచ్చి వచ్చాం. నీడ రొట్టె కూడా ఉండి ఉంటే బాగుండేది.

నేను: ఎందుకు?

బాబాయి: ఇటు చూడు.

నేను: వేపచెట్టు మొదలు. మోకాలెత్తు మోడు మిగిలింది. పక్కన నల్లగా బొగ్గు మరకలు.

బాబాయి: కరెంటు తీగలకు తగులుతోందని పోయిన వేసవిలో కొట్టేశారు. కొమ్మలు కత్తిరిస్తే సరిపోయేది. ఇస్త్రీ ఆయన పద్దెనిమిదేళ్లు ఇక్కడే ఉన్నాడు. చెట్టు పోయాక వారం రోజులు గొడుగు కట్టుకుని నిలబడ్డాడు. పైన ఎండ, చేతిలో బొగ్గుల పెట్టె. ఎనిమిదో రోజు బండి తోసుకుని మూడు వీధుల అవతల బాదం చెట్టు కిందకు వెళ్లిపోయాడు. ఇప్పుడు ఈ వీధివాళ్లంతా బట్టల మూటలు పట్టుకుని అంత దూరం నడుస్తున్నాం.

నేను: ఈ మోడు పక్కన కంచె కట్టి ఉంది, మొక్క ఎవరిది?

బాబాయి: కానుగ. నేనే పెట్టాను. తీగలకు ఇటు పక్కగా పెట్టాను, రేపు దీన్ని కూడా కొట్టకుండా. వంటింట్లో బియ్యం కడిగిన నీళ్లు రోజూ దీనికే. ఇస్త్రీ ఆయన వచ్చి చూశాడు. కొలత వేసినట్టు చెయ్యి పైకెత్తి, నాలుగేళ్లు పడుతుంది సార్ అన్నాడు.

నేను: అందాకా?

బాబాయి: అందాకా నా చొక్కాలు అక్కడే ఉన్నాయి. పద, తీసుకుని వద్దాం. దారిలో ఒక కొట్లో మలై కాజా ఉంటుంది. ఆ ఫోను ఆపేసెయ్ ముందు.