నెలకు మూడున్నర రూపాయల వడ్డీ

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈమధ్యే ఉద్యోగాల్లో చేరారు, జీతం పడిన వారానికే క్రెడిట్ కార్డు తీసుకోమని ఫోన్లు మొదలై ఉంటాయి, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే మీ ఇంట్లో వాళ్లు ఆ గడప తొక్కనివ్వరు. రెండు రూపాయలంటేనే ఆలోచిస్తారు. మన దేశంలో చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ నెలకు మూడు నుంచి మూడుముప్పావు రూపాయలు, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 30 శాతం దాటి వడ్డీ వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి మన జాగ్రత్తే మనకు దిక్కు.

కార్డులు పోల్చేటప్పుడు అందరూ పాయింట్లు, ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లు చూస్తారు. వంద ఖర్చు పెడితే రూపాయి వెనక్కి వచ్చే కార్డు మంచిదే, కానీ ఒక్క నెల బాకీ పెడితే ఆ రూపాయికి మూడింతలు పైనే పోతుంది. నన్నడిగితే, ముందు వార్షిక రుసుము ఎంత ఖర్చు చేస్తే మాఫీ అవుతుందో చూడండి, ఆ ఖర్చు మీరు మామూలుగా చేసేదేనా అని చూసుకోండి. పాయింట్లు ఆ తర్వాతే.

ఇప్పుడు అసలు మెలిక. మీ బిల్లు ప్రతి నెలా 5న తయారవుతుంది, గడువు 25 అనుకోండి. జూన్ 6న 40,000 పెట్టి ఫోన్ కొన్నారు, జూలై 25న 38,000 కట్టారు. మిగిలింది 2,000 కదా, దానికే వడ్డీ అనుకుంటాం. కాదు! పూర్తిగా కట్టలేదు కాబట్టి వడ్డీ లేని గడువు రద్దవుతుంది, సాధారణంగా 40,000 మీద కొన్న రోజు నుంచి లెక్కేస్తారు. నెలకు మూడున్నర చొప్పున 49 రోజులకు దాదాపు 2,255, జీఎస్టీతో 2,660 దాకా. బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి కూడా, అది చిన్న బిర్యానీ ఆర్డరైనా సరే, కొన్న రోజు నుంచే వడ్డీ.

అందుకే బిల్లులో కనిపించే ‘మినిమమ్ డ్యూ’ని, అంటే కనీసం ఇంత కట్టమని చూపే చిన్న మొత్తాన్ని నమ్మకండి, అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది తప్ప వడ్డీ ఆగదు. ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు ‘టోటల్ డ్యూ’ (మొత్తం బిల్లు) ఎంచుకున్నారో లేదో ఈ రోజే చూసుకోండి, చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. జీతం ఒకటో తారీఖున పడి గడువు నెలాఖరులో ఉంటే ఇబ్బందే. బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలు కల్పించాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లోనే ఉంది, అడగండి. ఇక కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం మాత్రం వద్దే వద్దు, దానికి వడ్డీ లేని గడువు ఒక్క రోజు కూడా ఉండదు, పైగా రుసుము.

ఇప్పటికే బాకీలో ఉన్నవాళ్లు టెన్షన్ పడి దాచుకోకండి. ముందు ఆ కార్డు వాడకం ఆపేయండి. బ్యాంకును ఈఎంఐగా మార్చమని అడిగి, ఎంత రేటో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కనుక్కోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో బంగారం లోను వడ్డీ కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ. అది తెచ్చి కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేసి, తర్వాత నెల బిల్లులో పాత వడ్డీ ఏమైనా మిగిలిందేమో చూసి అదీ కట్టేయండి.