శుక్రవారం మూడున్నర తర్వాత

(న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మా నాయనమ్మ పెళ్ళి 1930 ఫాల్గుణంలో జరిగింది. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. అంత తొందరగా ఎందుకు చేశారని అడిగితే, "శారదా చట్టం వచ్చేస్తోందని" అనేది. ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి బాల్యవివాహాలను ఆపే ఆ చట్టం అమలు, ఈలోపే మూడుముళ్ళు పడిపోవాలి. చట్టం పాసవడానికి, అమలుకు మధ్య ఉన్న ఆ ఆరు నెలల్లో దేశమంతటా ఇలాంటి పెళ్ళిళ్ళు జోరుగా జరిగాయి.

చిన్నప్పుడు నేను శారద అంటే ఎవరో ఆడమనిషి అనుకునేవాణ్ణి. అది అజ్మీరుకు చెందిన హర్ బిలాస్ శారదా అనే పెద్దమనిషి ఇంటిపేరని కాలేజీకి వచ్చాక తెలిసింది. ఆయన ప్రభుత్వంలో సభ్యుడు కాడు. కేంద్ర శాసనసభలో ఎన్నికైన మామూలు సభ్యుడు. 1927లో తనంతట తాను ఒక బిల్లు పెట్టాడు. మొదట అది హిందువులకే పరిమితం. బిల్లులను పరిశీలించే సభ్యుల బృందమైన సెలెక్ట్ కమిటీకి వెళ్ళి, సమ్మతి వయసు మీద ప్రభుత్వం వేసిన జోషీ కమిటీ నివేదిక కూడా వచ్చాక, 1929 సెప్టెంబరు 28న అన్ని మతాలకూ వర్తించే చట్టంగా పాసయింది. పెళ్ళికి కనీస వయసు ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. ప్రభుత్వంలో లేని ఒక్క సభ్యుడు కదిలిస్తే ఇంత పని జరిగింది. ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది ఇలాంటి బిల్లుల గురించే.

మంత్రి కాని సభ్యులెవరైనా పార్లమెంటు భాషలో ప్రైవేటు సభ్యులే. అధికార పార్టీ ఎంపీ కూడా. వాళ్ళు సొంతంగా పెట్టే బిల్లు ప్రైవేటు మెంబరు బిల్లు. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా బిల్లులు వస్తే ఏది ముందు చర్చకు రావాలో లాటరీ తీస్తారు. లోక్‌సభలో ఇందుకు కేటాయించిన సమయం శుక్రవారం చివరి రెండున్నర గంటలు, మామూలుగా మూడున్నర నుంచి ఆరు దాకా. అదీ ఒక వారం బిల్లులకు, మరుసటి వారం తీర్మానాలకు. శుక్రవారం సాయంత్రం సొంత ఊరి విమానం ఎక్కాలనుకునే సభ్యులకు ఆ గంటలు ఎలాంటివో మీరే ఊహించుకోండి. 1952 నుంచి ఇప్పటిదాకా చట్టమైన ప్రైవేటు బిల్లులు 14. చివరిది 1970లో. అంటే నేటి ఎంపీల్లో కొందరు పుట్టక ముందు.

ఈ అంకె చెప్పగానే "మరి ఎందుకండీ ఈ తతంగం?" అంటారు. నేను ఈ పాఠం చెప్పినన్నాళ్ళూ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేశారు. అందుకే మిమ్మల్ని ఒకసారి పాత మద్రాసు శాసనమండలికి తీసుకెళ్తాను. అది మనది కూడా. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే.

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడ. ముత్తులక్ష్మి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి డాక్టరయ్యారు. శాసనమండలికి నామినేట్ అయ్యి, బ్రిటిష్ ఇండియాలో తొలి మహిళా శాసనసభ్యురాలయ్యారు. సభ ఆమెను ఉపాధ్యక్షురాలిగా కూడా ఎన్నుకుంది. ఆడపిల్లలను గుళ్ళకు అంకితం చేసే ఆచారం పోవాలని 1927లోనే తీర్మానం తెచ్చారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. "ఆచారం తప్పు" అని ఊరుకుంటే ఏమయ్యేది? గుడి నుంచి దేవదాసీకి మాన్యం ఉండేది. గుళ్ళో సేవ చేసినంత కాలమే ఆ భూమి ఆమెది. సేవ ఆగితే భూమి పోతుంది. తన తర్వాత ఆ భూమి ఇంట్లో నిలవాలంటే ఇంకో పిల్లను అంకితం చేయాలి. ఆ పిల్ల మెడలో పొట్టు, అంటే దేవుడి పేర కట్టే తాళి, కట్టించిన తల్లిని తిట్టడం తేలిక. ఆ తల్లికి ఉన్న ఎకరం పొలం ఆ పొట్టుతోనే ముడిపడి ఉందని చూడగలగడం కష్టం. ముత్తులక్ష్మి అది చూశారు. ఆమె ముందు హిందూ దేవాదాయ చట్టానికి సవరణ తెచ్చారు. 1929లో అది చట్టమైంది. సేవతో నిమిత్తం లేకుండా ఆ మాన్యం దేవదాసీ దగ్గరే ఉంటుంది. కట్టాల్సిన శిస్తు కడితే చాలు, గుళ్ళో సేవ చేయాల్సిన పని లేదు. ముడి విప్పిన తర్వాత, 1930లో, అసలు అంకితం చేయడాన్నే నిషేధించే బిల్లు పెట్టారు.

నా ఇన్నేళ్ళ చదువులో ఇంత తెలివైన శాసనం పని నేను పెద్దగా చూడలేదు. ఆమెకు కోపం ఆచారం మీద. చెయ్యి వేసింది మాత్రం భూమి పట్టా మీద.

దాదాపు అదే సమయంలో బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ చేసిందీ ఇలాంటిదే. 1928 మార్చి 19న ఆయన వతన్ల (వంశపారంపర్య గ్రామ కొలువుల) చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. అంబేడ్కర్ పుట్టిన దళిత కులమైన మహర్లకు వతన్ కింద కాస్త భూమి, ఊరివాళ్ళు పెట్టే గింజలు. దానికి బదులుగా సర్కారు ఉద్యోగులు ఏ వేళ పిలిచినా వెళ్ళాలి. మనిషి ఇంట్లో లేకపోతే అతని తండ్రో, మరొకరో వెళ్ళాలి. వెట్టి అనే మాట తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పూర్తి శిస్తు కట్టి ఆ భూమిని మామూలు రైతులా సాగు చేసుకోనివ్వండి, ఆ చాకిరీ నుంచి వదిలిపెట్టండి అన్నదే ఆయన కోరిక. సెలెక్ట్ కమిటీ దాకా వెళ్ళింది. చివరికి 1929లో ఆయనే ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. 1937లో మళ్ళీ ఖోతీ పద్ధతి, అంటే కొంకణ్‌లో శిస్తు వసూలు చేసే మధ్యవర్తుల పెత్తనం, రద్దుకు బిల్లు పెట్టారు. అదీ అప్పుడు చట్టం కాలేదు. ఖోతీ రద్దు చట్టం 1949లో, ఆ వతన్ల రద్దు 1958లో వచ్చాయి. తండ్రి అడిగింది కొడుకు కాలానికి దక్కింది.

అదే 1937లో, డాక్టర్ జి. వి. దేశ్‌ముఖ్ బిల్లు వల్ల హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో వాటా వచ్చింది. ఆయనా మంత్రి కాడు, బొంబాయిలో సర్జన్. సభలో నలిగి నలిగి, ఆ వాటా ఆమె బతికినంత కాలమే అన్న షరతుతో మిగిలింది. వ్యవసాయ భూమి దాని పరిధిలో లేదు. ఎంత తక్కువో చూడండి. అయినా 1956 వారసత్వ చట్టం ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చినప్పుడు, నిలబడడానికి ఒక మెట్టు అప్పటికే ఉంది. ఆ దారిలోనే మన ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది.

చట్టంలో డబ్బు సంగతి సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో శారదా చట్టమే చెబుతుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కదలాలి. ఫిర్యాదు చేసేవాడు వంద రూపాయల దాకా పూచీకత్తు బాండు రాయాలి. 1930లో వంద రూపాయలు! పక్కింటి పిల్ల కోసం ఏ కూలివాడు అంత పూచీ పడతాడు? పడినా, నేరం చేసినవాడికి శిక్ష మహా అయితే నెల రోజులు, వెయ్యి రూపాయల జరిమానా. పెళ్ళి మాత్రం చెల్లుతుంది. గోదావరి జిల్లాల కుటుంబాలు పిల్లలను తీసుకుని ఫ్రెంచి వాళ్ళ యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవి. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు కదా. అందుకే యానాంకు కల్యాణపురం అని పేరొచ్చింది. పేరు ఎంత బాగుందో, దాని వెనక ఉన్న పసిపిల్లల సంగతి అంత బాధ.

ఇప్పటి కాలానికి వస్తాను. ఈనాడు ఒక ఎంపీ ఇలాంటి సంస్కరణ తేవాలంటే పెద్ద అడ్డంకి రాజ్యాంగంలోని 117వ అధికరణ. సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా, నుంచి ఖర్చు పడే బిల్లును రాష్ట్రపతి సిఫార్సు లేకుండా సభ పాస్ చేయడానికి వీల్లేదు. ఆ సిఫార్సు మంత్రివర్గం సలహా మీదే వస్తుంది. అంటే వృద్ధులకు పెన్షన్ అన్నా, కౌలు రైతుకు బీమా అన్నా, తాళంచెవి ఆర్థిక శాఖ దగ్గరే ఉంటుంది. ఖజానాకు కాపలా ఉండాలి, నేను కాదనను. కానీ కాపలా పేరుతో చర్చే జరగకుండా పోవడం అన్యాయం.

అయినా తమిళనాడు నుంచి రాజ్యసభకు వచ్చిన తిరుచ్చి శివ ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం ఆయన పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. ప్రైవేటు బిల్లును ఒక సభ పాస్ చేసి అప్పటికి దశాబ్దాలయింది. లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. 2019లో ప్రభుత్వం తన సొంత చట్టం తెచ్చింది. ఆ చట్టం మీద ట్రాన్స్‌జెండర్లే చాలా అభ్యంతరాలు చెప్పారు. శివ బిల్లును, ఆ చట్టాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ కోర్సులో ఏ పరీక్షకూ అంతకంటే మంచి ప్రిపరేషన్ లేదు.

ఒక్క పని అడుగుతాను. ఈ రాత్రి మీ ఫోన్‌లో లోక్‌సభ వెబ్‌సైట్ తెరిచి, మీ నియోజకవర్గం ఎంపీ పేరు మీద ఎన్ని ప్రైవేటు బిల్లులు ఉన్నాయో చూడండి. ఉంటే, అందులో ఖర్చు ఎవరు భరిస్తారని రాశారో చూడండి. లేకపోతే ఆయనకు ఉత్తరం రాయండి. ఉత్తరంతో పాటు మీరే ఒక బిల్లు ముసాయిదా రాసి పంపితే ఇంకా మంచిది. లా చదువుతున్నారు కదా, రాయగలరు.

ముత్తులక్ష్మి గారి 1930 బిల్లు సంగతి చెప్పకుండా వదిలేశాను. గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆ ఏడే ఆమె మండలికి రాజీనామా చేశారు. బిల్లు ఆగిపోయింది. మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. అప్పటికి ఆమెకు 61 ఏళ్ళు.